ఎర్ర దారం పెట్టిన పుట

నేను బీఏ చదివాను. పెళ్లికి ముందు రెండేళ్లు ఆదోనిలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు కూడా చెప్పాను. అయినా మా గుడిలో బైబిలు వాక్యం చదవడానికి నేను లేస్తే వెనక వరసలో పిల్లలు ఆవలించేవారు. పిల్లలేం ఖర్మ, ముందు వరసలో పెద్దలూ ఆవలించేవారు. అదే తిప్పమ్మ లేచిందంటే చంటిబిడ్డ ఏడుపు కూడా ఆగేది. ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను గానీ, పదకొండేళ్లు నాకది మింగుడుపడని సంగతి.

మా ఆయన రాజశేఖర్ గారు పాస్టరు. ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో బస్సు దిగి మూడు కిలోమీటర్లు లోపలికి నడిస్తే మా పల్లె. రేకుల కప్పు గుడి, అరవై కుటుంబాల సంఘం, అందరూ కూలికి పోయేవాళ్లే. తిప్పమ్మ పత్తి తీసే ఆడవాళ్ల గుంపుకు పెద్ద. అరవైకి దగ్గర పడ్డ మనిషి, బాగా పొడగరి. ఎవరి చేనికి ఏ రోజు పోవాలో, ఎవరు ఏ సాలు పట్టాలో ఆమె చెప్పిందే మాట. శుక్రవారం స్త్రీల ప్రార్థన కూటానికీ ఆమే పెద్ద. బాప్తిస్మమప్పుడు సువార్తమ్మ అని పేరు పెట్టారట. ఆ పేరు గుడి రిజిస్టరు దాటి బయటికి రాలేదు.

ఆమె చదివే తీరు చెప్పాలి. పుస్తకం నిండా రంగు దారాలు వేలాడుతుండేవి. ఎమ్మిగనూరు మగ్గాల దగ్గర తెగిపడ్డ దారపు ముక్కలు. పచ్చ దారం దగ్గర తెరిస్తే తప్పిపోయిన కొడుకు కథ. నీలం దగ్గర తెరిస్తే తుపానులో పడవ. ఎర్రది ప్రభువు శ్రమలు. కళ్లద్దాలు సర్దుకుని, పంక్తి మీద వేలు జరుపుతూ చదివేది. ప్రభువు పట్టుబడే ముందు ప్రార్థించిన గెత్సేమనే తోటలో జరిగింది మన పక్క చేనులో నిన్ననే జరిగినట్టు ఉండేది. నేను మొదట ఈ ఊరికి వచ్చినప్పుడు ఆమె పాటలే పాడేది, పుస్తకం ముట్టేది కాదు. తర్వాత పట్టుకుంది. వయోజన విద్యలో నేర్చుకుందేమోలే అనుకుని ఊరుకున్నాం.

ఆ దారాలు తెచ్చి పెట్టేది సునీత. ఎమ్మిగనూరు మగ్గాల వీధి పిల్ల. ఇంటర్ సగంలో ఆపించి, పంతొమ్మిదేళ్లకు మా ఊరి ట్రాక్టర్ డ్రైవరుకు ఇచ్చి చేశారు. వచ్చిన ఏడాదే తిప్పమ్మ పక్క సాలు పట్టింది. చుట్టరికం లేకున్నా అత్తా అని పిలిచేది. ఇక అంతే, నీడలాగా ఆమె వెంటే. మధ్యాహ్నం చేను గట్టున అందరూ సద్దిమూటలు విప్పితే, తిప్పమ్మ జొన్నరొట్టె తుంచి, వేరుశనగ బుడ్డల చట్నీలో అద్ది, మొదటి ముక్క సునీతకు ఇచ్చాకే తను తినేది. ఆ పిల్లకు టైఫాయిడ్ వస్తే ఆదోని ఆసుపత్రిలో తొమ్మిది రోజులు మంచం కిందే పడుకుంది. తిన్నాక ఇద్దరూ కాస్త ఎడంగా పోయి పుస్తకం ముందు పెట్టుకునేవారు. తిప్పమ్మ ఆ పిల్లకు వాక్యం నేర్పుతోందని ఊరంతా అనుకుంది. నేనూ అనుకున్నాను.

మంచి శుక్రవారం నాడు చుట్టుపక్కల సంఘాలన్నీ ఎమ్మిగనూరులో ఒక్కచోట చేరతాయి. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలకు ఏడుగురు లేస్తారు. ఒక్కొక్కరు ఒక మాట చదివి, దాని మీద చెప్పాలి. ఎప్పుడూ పాస్టర్లూ, టీచర్లూ, ఉద్యోగస్తులే. మొన్నటి ఏడాది మొదటి మాట మా సంఘానికి వచ్చింది. తనను కొట్టినవాళ్లను క్షమించమని తండ్రిని అడిగిన మాట. అది తిప్పమ్మ చదువుతుందని మా ఆయన ఆదివారం ప్రకటించారు. మా పల్లె కూలిమనిషి ఒకామె ఆ మైకు ముందుకు పోవడం అదే మొదలు. నిజం చెబుతాను, నన్నే పిలుస్తారనుకుని నేను చీర కూడా తీసి పెట్టుకున్నాను.

ఆడవాళ్లంతా తిప్పమ్మ చుట్టూ మూగారు. ఆమె చేతులు జోడించి, "అంతా దేవుని కృప" అంది. సునీత మూరెడు దూరంలో నిలబడి ఆమె ముఖంలోకే చూస్తోంది. కాసేపు అలాగే చూసి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

మట్టల ఆదివారానికి ముందు శుక్రవారం, అంటే మంచి శుక్రవారానికి సరిగ్గా వారం ముందు, స్త్రీల కూటం. గుడి నిండింది. తిప్పమ్మ ఎర్ర దారం దగ్గర పుస్తకం తెరిచి తోటలో ప్రార్థన మొదలుపెట్టింది. నేను పక్కనే కూర్చున్నాను. ఎందుకో వంగి పుటలోకి చూశాను. అక్కడ తోట లేదు. అన్నీ పేర్లు. ఎవరు ఎవరిని కన్నారో, వాళ్లు మళ్లీ ఎవరిని కన్నారో, పుట పొడుగునా పేర్లే. ఆమె వేలు ఆ పేర్ల మీద నడుస్తోంది, నోరు మాత్రం తోటలోని మాటలు ఒక్క అక్షరం తప్పకుండా చెబుతోంది.

నేను చెవిలో చెప్పి ఉండొచ్చు. మెల్లగా పుట తిప్పి ఉండొచ్చు. వెనక వరసకు కూడా వినబడేట్టు పైకే అన్నాను.

"అక్కా, నువ్వు చదివేది ఆ పుటలో లేదు కదా!"

సునీత లేచి నిలబడింది.

"ఆ దారం నేనే మార్చినా" అంది. "అత్తకి అచ్చరం ముక్క రాదు. పదకొండేండ్లుగా చేను గట్టున నేను సదివి ఇనిపిస్తాండా. ఆమె ఒకసారి ఇని, ఈడికొచ్చి సదివినట్ల సేస్తాది. కష్టం నాది, పేరు ఆమెది. వచ్చే వారం ఎమ్మిగనూరుకి పోయేది గూడ ఆమే!" అంటూనే ఏడ్చేసింది.

తిప్పమ్మ పుస్తకం మూసింది. అద్దాలు తీసి కొంగుకు ముడేసుకుంది. అవి ఆమె చనిపోయిన మొగుడివని తర్వాత తెలిసింది. గడప దాటి పోతుంటే ఆ పొడగరి మనిషి ఎందుకో పొట్టిగా కనిపించింది.

ఊరి కోపం ఒకటి రెండు రోజులు తిప్పమ్మ మీద ఉంది. తర్వాత మొత్తం సునీత మీదికి తిరిగింది. మంచం కింద పడుకుని సాకినామెను పట్టించింది, ప్రభువును పట్టించిన యూదా బుద్ధి చూపించింది అన్నారు. మిరపకాయలు కోసేచోట ఆమె పక్క సాలు ఎవరూ పట్టలేదు. ఆమె ముట్టిన బిందెలో నీళ్లు తాగలేదు. అక్షరం రాదన్న సంగతి నిజమే కదా అని ఒక్కరూ అడగలేదు. ఆ మాట మొదట పైకి అన్నది నేనని కూడా ఎవరికీ గుర్తురాలేదు. నేనూ గుర్తు చేయలేదు. ఎమ్మిగనూరులో మొదటి మాట ఇక ఎవరికిస్తారా అని మాత్రం మా ఆయనకు అన్నం వడ్డిస్తూ ఆలోచించాను.

గురువారం సాయంత్రం ప్రభు బల్ల, ప్రభువు కడపటి భోజనం గుర్తుగా రొట్టె విరిచి పంచుకునే ఆరాధన. సునీత వచ్చింది గానీ లోపలికి రాలేదు, చెప్పులు విడిచే చోట కూర్చుంది. తిప్పమ్మ చిట్టచివరి వరసలో, ఖాళీ చేతులతో ఉంది. మా ఆయన రొట్టె ఎత్తబోతుంటే సంఘ పెద్ద జయన్న లేచాడు.

"అయ్యగారూ, ఒక మాట. యూదా ఈ పొద్దు మన గుడి కాడనే కూసోనుండాడు. వాన్ని ఎల్లగొట్టినాకే రొట్టె ఇరుద్దాం."

చాలా తలలు గడప వైపు తిరిగాయి. అప్పుడు వెనక నుంచి తిప్పమ్మ గొంతు.

"జయన్నా, కూసో నాయనా. యూదాను ఎతకొద్దు."

ఆమె నిలబడి ఉంది. చేతిలో పుస్తకం లేదు, కళ్లకు అద్దాలు లేవు.

"ఆ పొద్దు బల్ల కాడ పన్నెండు మంది ఉన్నారు. మీలో ఒకడు నన్ను పట్టిస్తాడని ఆయన అంటే వాండ్లు ఏమడిగినారు? నేనా సామీ, నేనా సామీ అని ఎవురికి వాండ్లు అడిగినారు. పక్కనున్నోన్ని సూపించి, వీడా సామీ అని ఒక్కడు గూడ అడగలే. ఆ మాట నేను ఎన్నిసార్లు సదివినానో... సూడు, సదివినా అంటాండా. ఇంకా అబద్ధమే వస్తాది నోట్లో. ఈ పాప నోట ఎన్నిసార్లు ఇన్నానో, నాకి ఈ వారమే ఇనపడింది."

కొంగుతో ముఖం తుడుచుకుని మళ్లీ అంది.

"నేను మిమ్మల్ని పదకొండేండ్లు మోసం సేసినా. ఆ పాప సెప్పింది నిజం. ఎమ్మిగనూరుకి నా పేరు పిలిచిన పొద్దు ఆ పాప నా మొగం సూసింది. ఇదంతా నీ సదువే పాపా అని ఒక్క మాట అంటానేమో అని సూసింది. నేను దేవుని కృప అని తప్పించుకుంటి. ఆ పాప దారం మార్చకముందే, ఆ పాపను నేను పట్టిచ్చినా."

అలా అంటూ గడప దాకా నడిచి, సునీత చెయ్యి పట్టుకుంది. "లే పాపా, లోపలికి పోదాం రా." సునీత రాలేదు. తిప్పమ్మ అక్కడే, చెప్పుల పక్కనే కూర్చుండిపోయింది. మా గుడిలో రొట్టె పళ్లెం చేతినుంచి చేతికి పోతుంది, ఒకరు తుంచి పక్కవాళ్లకు ఇవ్వాలి. ఆ రోజు పళ్లెం గడప దాకా పోయింది. తీసుకుపోయింది జయన్నే. తిప్పమ్మ తుంచి మొదటి ముక్క సునీతకు పెట్టాకే తను తీసుకుంది. చేను గట్టున పెట్టినట్టే పెట్టింది. పద్నాలుగేళ్లుగా పాస్టరు పెళ్లాన్ని, బల్ల దగ్గర నాకు భయం వేయడం అదే మొదటిసారి.

మర్నాడు ఆటోలో ఎమ్మిగనూరు వెళ్లాం. చదివేవాళ్ల పేరు మా ఆయన మార్చలేదు. తిప్పమ్మ మైకు ముందుకు వెళ్లింది, సునీతను కూడా తీసుకెళ్లింది. అంత జనం ముందు, "నా పేరు తిప్పమ్మ. నాకి సదువు రాదు. సదివేది ఈ పాప, దీని పేరు సునీత" అంది.

సునీత పుస్తకం తెరిచింది. క్షమించు అనే మాట దగ్గరికి వచ్చి ఆగిపోయింది. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. తిప్పమ్మ ఆమె వీపు మీద చెయ్యేసి, ఆ మాటను పుస్తకం చూడకుండా తనే పూర్తి చేసింది. తర్వాత ప్రసంగమేమీ చేయలేదు. ఇద్దరూ దిగి వచ్చారు. నా పక్కన ఎవరో రిటైరైన హెడ్మాస్టరుగారు తువాలుతో ముఖం కప్పుకుని ఏడుస్తున్నారు. ఆ మాట వెయ్యిసార్లు విన్నదాన్ని, కానీ క్షమించడం కళ్లెదుట జరుగుతుంటే చూడటం వేరు. ఇంత పెద్ద సంగతి మా పల్లెలో, పత్తి తీసే చేతుల్లో ఇన్నేళ్లు ఉందా అని నోరు వెళ్లబెట్టాను.

మళ్లీ పత్తి కాలం వచ్చింది. ఇప్పుడు గట్టున సునీత అక్షరాలు చెబుతుంది, తిప్పమ్మ మట్టిలో పుల్లతో దిద్దుతుంది. ఒత్తులు వస్తే విసుక్కుంటుంది. అద్దాలు కూడా సొంతవి చేయించుకుంది. పుస్తకంలో దారాలన్నీ తీసేసింది, ఎర్రది ఒక్కటి ఉంచుకుంది. మొన్న చేనికి పోయినప్పుడు చూశాను. అది సిలువ పుటలో లేదు, అంతకు ముందు రాత్రి భోజనం పుటలో ఉంది. ఎందుకని అడిగాను.

"అమ్మా, సిలువ కాడ ఉండేది ఆయన. నేను ఉండేది ఈడ. నేనా సామీ అని అడిగేటోళ్లలో."

అప్పటిదాకా దాచుకున్నది బయటపెట్టాను. "అక్కా, ఆ రోజు పుట చూసి పైకి అన్నది నేను. కావాలనే అన్నాను."

"తెలుసులేమ్మా" అంది తిప్పమ్మ.

పుస్తకంలోంచి ఎర్ర దారం తీసి, పంటితో రెండు ముక్కలు చేసింది. ఒకటి మళ్లీ అదే పుటలో పెట్టుకుని, రెండోది నా చేతిలో పెట్టింది.