వెంకాయమ్మక్క తెరిపించిన స్టోరు గది

కువైట్‌లో మేముండే ఎగైలాలో సూపర్ మార్కెట్‌కి పోయినప్పుడల్లా ఎండు నిమ్మకాయల బస్తా దగ్గర నా కాళ్ళు ఆగిపోతాయి. ఇక్కడి కూరల్లో వేసే నల్లటి నిమ్మకాయలవి. ఆ పుల్లటి వాసనకి పక్కనున్న బాస్మతి బియ్యం వాసన తోడైందంటే చాలు, ముప్పై ఏళ్ళు దాటిన సంగతి నిన్న జరిగినట్టు వచ్చి ఎదురుగా నిలబడుతుంది. వెంకాయమ్మక్క గుర్తొస్తుంది. గుర్తొస్తే బాధే. అయినా ఆ బస్తాని తప్పించుకుని వేరే దారిన పోను.

కడప జిల్లా నుంచి వచ్చి ఫర్వానియాలో ఒక కువైటీ ఇంట్లో పనికి కుదిరాను. వెంకాయమ్మక్క అదే ఇంట్లో వంటమనిషి. అమలాపురం దగ్గర పల్లెటూరు ఆవిడది. ఊళ్ళో గోడల దాకా లేచి ఆగిపోయిన ఇంటికి స్లాబు వేయించాలని వచ్చింది. నోరు మాత్రం పెద్దది. మా యజమానురాలిని మామా అని పిలిచేవాళ్ళం, అమ్మా అన్నట్టు. వంటకి ఆవిడ వంక పెడితే, "అంతకంటే బాగా కావాలంటే నువ్వే వచ్చి వండుకో తల్లీ" అని మొహం మీదే తెలుగులో అనేసేది. మాట అర్థం కాకపోయినా ఆ ధోరణి అర్థమయ్యేది మామాకి. అందుకే ఆ వేసవిలో ఇంటిల్లిపాదీ సెలవులకి విదేశం వెళ్తూ స్టోరు గది తాళంచెవి నా చేతిలో పెట్టింది. మీ ఇద్దరికీ కావలసింది తీసుకోండి, బయటికి మాత్రం గింజ పోకూడదు అంది. గది నిండా బియ్యం బస్తాలు, పప్పులు, పాలపొడి డబ్బాలు. ఒక పెళ్ళికి సరిపోయేటంత సరుకు. వాళ్ళు వెళ్ళిన రెండు వారాలకి ఇరాక్ సైన్యం వచ్చి పడింది.

సైనికులకి భయపడ్డాను, అబద్ధమెందుకు. కానీ రోజూ నా గుండె పిండేసింది మాత్రం మా వెనక బిల్డింగు. గదికి పదిమంది చొప్పున ఉండే పనివాళ్ళు. కఫీల్‌లు, అంటే వీళ్ళని వీసా మీద తెప్పించుకున్న యజమానులు, ఎక్కడో దేశం బయట ఉండిపోయారు, కంపెనీలు మూతబడ్డాయి, జీతాలు ఆగాయి. అంతే, రెండు వారాలకే పస్తులు. ఒకరోజు పొద్దున్నే సుబ్బరాయుడు మా వాకిట్లోకొచ్చాడు. ఆ బిల్డింగు కింద కటింగ్ షాపు అతనిది, ఊరు రాయచోటి. చేతిలో గుడ్డలో చుట్టిన కత్తెరలు.

"ఇవి పెట్టుకోని ఇంత బియ్యమియ్యండక్కా. ఊరికే వద్దు" అన్నాడు.

"షాపు తెరవట్లేదా?" అంది వెంకాయమ్మక్క.

"తెరిస్తే వచ్చేదెవురు? జీతం లేనోడు గడ్డం గీయించుకుంటాడా? నా దగ్గర లేక నేను టీ తాగల్యా, నాయట్లోల్లు తాగక ఆ టీ అంగడాయప్ప మూసుకున్యాడు."

ఆ మాటలంటూనే మెట్టు మీద కూలబడ్డాడు. వెంకాయమ్మక్క ఇన్ని పాలు కలిపి తాగించి, కత్తెరలు తీసి అతని జేబులోనే కుక్కింది. "ఇవి అమ్మేసుకుంటే రేపొద్దున్న దేంతో బతుకుతావయ్యా? బుద్ధుందా?" అని కసిరి, నా వైపు చెయ్యి చాపింది. "తాళంచెవి ఇలా తే."

తాళంచెవి పిడికిట్లో బిగించాను. "వద్దక్కా! మామా వస్తే దొంగతనమంటాది. జైల్లో ఏస్తారు. నేను పంపకపోతే మాయమ్మకు దిక్కెవరు?"

"నా పేరు చెప్పెయ్యవే. వెంకాయమ్మ లాక్కుందని చెప్పు. నా నోరు సంగతి తెలుసుగా, ఇట్టే నమ్మేస్తుంది" అని నవ్వింది.

తాళం తీసింది మాత్రం నేనే. ఆ రోజు నుంచి మధ్యాహ్నానికి రెండు పెద్ద డేగిసాల అన్నం, పప్పు. చేతనైన వాళ్ళు బస్సులెక్కి దేశం దాటేదాకా అందరూ మా వాకిట్లోనే తిన్నారు. మా పాస్‌పోర్టులు మామా బీరువాలో ఉండటంతో మేం కదల్లేకపోయాం. యుద్ధమే వీళ్ళని పేదల్ని చేసిందనుకునేదాన్ని. గంజి వారుస్తూ ఆవిడంది: "ఒక్క నెల జీతం ఆగితే పస్తుండేవాడు ముందునుంచీ పేదోడేనే. ఇన్నాళ్ళూ నీకు కనబళ్ళేదంతే. బియ్యం లేక కాదు, బియ్యం ఒకచోట, ఆకలి ఒకచోట. మధ్యలో తాళం." కత్తెరలు అమ్ముకోవద్దన్న ఆవిడ మాట కూడా ఎంత నిజమో తర్వాత కళ్ళారా చూశాను. ఆకలికి కుట్టు మిషను అమ్ముకున్న టైలరొకడు యుద్ధం ముగిశాక కూడా దజీజ్ అనే చోట గోదాముల్లో మూటలు మోస్తూనే ఉన్నాడు. కత్తెరలు దక్కిన సుబ్బరాయుడు యుద్ధం ఆగిన నెల తిరక్కుండా మళ్ళీ షాపు తెరిచాడు.

యుద్ధం ముగిసి, తగలబడుతున్న చమురు బావుల పొగ ఇంకా ఆకాశం నిండా ఉండగానే మామా తిరిగొచ్చింది. నన్ను కావలించుకుని ఏడ్చింది. కాసేపటికి స్టోరు గది తలుపు తీసి చూసింది. రెండే బస్తాలు మిగిలాయి. "ఎవరు తెరిచారు?" అని అడిగింది. గొంతు పెంచలేదు కూడా. నేను నేల చూపులు చూస్తూ, "వెంకాయమ్మ" అన్నాను.

పొయ్యి దగ్గర నుంచి ఆవిడ వెనక్కి కూడా తిరగలేదు. "అవును మామా, నేనే" అంది.

"ఖలాస్" అంది మామా, ఇక అయిపోయిందన్నట్టు. మూడో రోజుకి ఇక్కడ ఉండటానికిచ్చే కాగితం, ఇఖామా, రద్దు చేయించి ఆవిడని ఊరికి పంపేసింది. కారు దగ్గర నేను వెక్కి వెక్కి ఏడుస్తుంటే వెంకాయమ్మక్క నా తల నిమిరింది. "నేను చెప్పమన్నదేగా చెప్పావు. ఏడవకే పిచ్చిదానా."

తిట్టినా బాగుండేది. ఆ తర్వాత ఎవరింట్లో పనిచేసినా, ఎవరు చేశారని అడిగేలోపే "అనా" అనేస్తాను. నేను అని అరబ్బీలో. చెయ్యని తప్పుకి కూడా మాట పడతావేంటని మా కూతురు నవ్వుతుంది. ఆ రోజు ఆ ఒక్క మాట నా నోటికి రాలేదని దానికి చెప్పలేదు.

ఆ మామా దగ్గరే ఇంకో పదకొండేళ్ళు చేశాను. ఊళ్ళో మా ఇంటికి స్లాబు పడింది. వెంకాయమ్మక్క ఇంటికి పడిందో లేదో తెలియదు. వెళ్ళేటప్పుడు అడ్రసు తన చేత్తోనే రాసిచ్చింది. ఒక్క ఉత్తరం ముక్క కూడా రాయలేదు నేను.