కూడా పోయినవాళ్ళు

ఈ పొద్దున అసెంబ్లీ గ్రౌండులో మైకు స్టాండు పూర్తి ఎత్తులో ఉంది. సోమవారాల్లో పిల్లలు లైన్లు కట్టకముందే పీఈటీ సార్ దాన్ని కిందికి దించి మర బిగించేవారు. మా తెలుగు మిస్ పొట్టి మనిషి. ఇవాళ దించాల్సిన పని లేకపోయింది. మిస్ శనివారం పోయారు. 'ప్రభువునందు నిద్రించారు' అని స్టాఫ్ గ్రూపులో ఎవరో పెట్టారు. ఆదివారం సాయంత్రం భూస్థాపన జరిగింది. బోడుప్పల్ నుంచి వెళ్ళి, పిడికెడు మట్టి వేసి, ఇంటికొచ్చి, మిగిలిన స్లిప్ టెస్టు పత్రాలు దిద్దుకున్నాను. టర్మ్ చివర మా బతుకులు ఇలాగే ఉంటాయి.

నాచారంలోని మా కాన్వెంటు బడిలోనే నేను చదువుకున్నాను. ఇప్పుడు అక్కడే ఇంగ్లీషు చెబుతున్నాను. ఆరు నుంచి పది దాకా మిస్ నాకు తెలుగు చెప్పారు. సుద్దముక్కకు కాగితం చుట్టి పట్టుకునేవారు. మధ్యాహ్నం మూత తీయకముందే అందరి డబ్బాల్లో ఏముందో అడిగి తెలుసుకునేవారు. కానీ ఆమె అనగానే నాకు ముందు గుర్తొచ్చేవి సోమవారాలు. బడిలో అంతా ఇంగ్లీషే అయినా, ఏ పోటీలో ఎవరు గెలిచారో ఆమె తెలుగులోనే చదివేవారు. పిల్లల్ని దింపిన అమ్మలు కొందరు ఫ్యాక్టరీ షిఫ్టుకు పోయేముందు గేటు బయట ఆగి వినేవారు. "ఇంగ్లీషుల సదివితే ఆళ్ళకేం సమజైతది?" అనేవారు మిస్.

గెలిచినవాళ్ళ పేర్లయ్యాక కళ్ళద్దాలు సర్దుకుని, "వీళ్ళ కూడా పోయినవాళ్ళు" అని మళ్ళీ మొదలుపెట్టేవారు. అంటే వెంట వెళ్ళి, ఏమీ గెలవకుండా తిరిగొచ్చినవాళ్ళు. పిల్లలు వాళ్ళకు 'కూడా బ్యాచ్' అని పేరు పెట్టారు. నేను బడి వదిలేదాకా కూడా బ్యాచే. ఉప్పల్‌లో ఒక వక్తృత్వ పోటీకి వెళ్ళి, స్టేజీ ఎక్కి, నోరు తెరవకుండానే దిగి వచ్చాను.

తిరుగు బస్సులో మిస్ గెలిచినవాళ్ళను లేపి మమ్మల్ని కూర్చోబెట్టారు. ఎప్పుడూ అంతే. "గెలిచినోళ్ళకు కాళ్ళు గుంజయి, నిలబడున్రి" అనేవారు. కప్పు పట్టుకుని నిలబడ్డ నా స్నేహితురాలు వంగి, "ఏందే, ఈసారి సుత కూడానేనా?" అని నవ్వింది.

సోమవారం స్టాఫ్‌రూమ్ గడప దగ్గర నిలబడి, "మిస్, నా పేరు చదవకండి" అన్నాను.

"పోయినవా, లేదా?"

"పోయాను మిస్. కానీ మాట్లాడలేదు."

"మాట్లాడినవని నేను సదువుతలేను గద బిడ్డా. పోయినవనే సదువుతున్న."

చదివారు.

ఆ ఏడే కేరళ నుంచి కొత్త ప్రిన్సిపాల్ సిస్టర్ వచ్చారు. తెలుగు అప్పుడప్పుడే నేర్చుకుంటున్నారు. 'పోయారు' అనే మాట ఆమె అప్పటిదాకా చావు కబుర్లలోనే విన్నట్టున్నారు. మిస్ కబడ్డీ జట్టు చదువుతూ "కూడా పోయినవాళ్ళు" అనగానే సిస్టర్ మొహం పాలిపోయింది. గబగబా వచ్చి మైకు మీద చెయ్యి పెట్టి, "టీచర్, ఎంతమంది పోయారు? ఇంట్లో వాళ్ళకు చెప్పారా?" అని అడిగారు. చెయ్యి పెట్టినా మైకు ఆ మాటను గేటు దాకా వినిపించింది. పీఈటీ సార్ అటు తిరిగిపోయారు, భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

"అందరు మళ్ళొచ్చిన్రు సిస్టర్. అగో, ఆ లైన్ల నిలబడ్డరు, సూడున్రి" అన్నారు మిస్.

ఇకనుంచి 'వెళ్ళినవాళ్ళు' అనమని సిస్టర్ అడిగారట. మిస్ ఒప్పుకోలేదు. "పోవుడు చెడ్డ మాట కాదు సిస్టర్. మా దిక్కు రోజు పోతం, రోజు ఒస్తం" అన్నానని క్లాసులో మాకు చెప్పి, తనే నవ్వుకున్నారు.

ఈ టర్మ్ మొదటినుంచీ ఆమెకు ఆయాసం. గుండె బలహీనమైందని, మెట్లు ఎక్కొద్దని దవాఖానాలో చెప్పారు. ఆమె క్లాసులన్నీ కింది గదికి మార్చారు. అసెంబ్లీలో గెలిచినవాళ్ళ పేర్లు చదివేసరికే ఊపిరి అయిపోయేది. ఒక సోమవారం ఉన్నట్టుండి కాగితం నా చేతిలో పెట్టి, "కూడా పోయినోళ్ళను నువ్వు సదువు" అన్నారు. మైకంటే నాకు ఇప్పటికీ భయం. చదివాను. వెనక లైన్లలోంచి, "మిస్, ఇనొస్తలేదు!" అని అరిచారు. గట్టిగా చదవమంటారని నేను బిగుసుకుపోయాను. మిస్ మైకు దగ్గరికి వంగి, "ఇనొస్తలేకుంటే ముందుకు జరుగున్రి" అన్నారు. బడి మొత్తం ముందుకు జరిగింది. లైన్లన్నీ చెదిరిపోయి పీఈటీ సార్ తల పట్టుకున్నారు.

ఇంత కాలంలో గట్టిగా మాట్లాడమని ఆమె నాతో ఒక్కసారీ అనలేదు. అది ఎంత పెద్ద సంగతో ఆమెకు చెప్పాల్సింది. చెప్పినా నెమ్మదిగానే చెప్పి ఉండేదాన్ని.

పోర్షన్లు కాలేదని, అసెంబ్లీ కుదించాలని దసరా సెలవులకు ముందు మీటింగులో కోఆర్డినేటర్ మేడమ్ అన్నారు. బహుమతులు మాత్రం చదువుదాం, మిగతావి పేరెంట్స్ గ్రూపులో ఫొటో పెడదాం అన్నారు. ఆమె తప్పేం లేదు. అందరం అలసిపోయి తలలూపాం. మిస్ ఒక్కరే, "నేనున్నంతదాక సదవనియ్యున్రి. తర్వాత మీ ఇష్టం" అన్నారు.

ఇవాళ ఆ 'తర్వాత' వచ్చింది. "మౌనం, ప్రైజులు, అంతే. ఎల్లుండి నుంచి పరీక్షలు" అని మేడమ్ ముందే చెప్పారు. శుక్రవారం ఖోఖో జట్టు కాప్రా వెళ్ళి మొదటి ఆటలోనే ఓడిపోయి వచ్చింది. వాళ్ళ పేర్లు రాసిన కాగితం పీఈటీ సార్ ఏమీ అనకుండా నా పుస్తకంలో పెట్టి వెళ్ళారు. ఎనిమిదో తరగతి లైను పక్కనుంచి పోతుంటే జట్టులోని ఒక పిల్ల, "మిస్, మాయి సదువుతరా ఇయ్యాల?" అని అడిగింది.

"ఊకోవే. మిస్ పోయి మేమేడుస్తుంటే నీకు పేర్ల లొల్లా?" అని పక్కపిల్ల మోచేత్తో పొడిచింది.

నేను పుస్తకం చంకలో పెట్టుకుని ముందుకు నడిచాను.

మౌనం అయింది. మేడమ్ బహుమతులు చదివారు. బొమ్మల పోటీలో ఒకరికి మొదటిది, సైన్స్ ప్రదర్శనలో ఇద్దరికి రెండోది. చప్పట్లు కొట్టారు. మేడమ్ గంట వైపు నడిచారు. నేను మైకు దగ్గరికి వెళ్ళి, "వీళ్ళ కూడా పోయినవాళ్ళు" అన్నాను. మేడమ్ వెనక్కి తిరిగి చూశారు. గంట కొట్టలేదు.

ఖోఖో జట్టు పేర్లు ఒక్కొక్కటే చదివాను. చివరి పేరు గల పిల్ల రెండు జడలూ ముందుకు వేసుకుని, తల వంచుకుని నిలబడి ఉంది. తను మిస్ మనవరాలు. బడిలో ఆ పిల్ల కూడా ఆమెను మిస్ అనే పిలిచేది.