సీలు తెగిన పెట్టె

కోవిడ్ ఆంక్షలు సడలిన తర్వాతి చలికాలంలో దుబాయ్ అవతలి రాస్ అల్ ఖైమాలో దిగాను. సైన్యంలో నాయక్‌గా రిటైరైనవాణ్ణి. కొత్త పోస్టింగు ఒక షూటింగ్ క్లబ్బు గేటు. వెనక రాతి కొండలు, ముందు క్వారీ లారీల రోడ్డు. ఇచ్చిన సామాను యూనిఫాం రెండు జతలు, బూట్లు, వాకీటాకీ. పదిహేడేళ్లు రైఫిల్ మోసినవాడికి వాకీటాకీ ఇచ్చి తుపాకులకు కాపలా పెట్టారని మా ఆవిడ ఫోన్లో పడీపడీ నవ్వింది.

పోటీలకు వచ్చే విదేశీ షూటర్ల సొంత రైఫిళ్లు విమానంలో కార్గోగా వచ్చేవి. వాటి రవాణాకు ఫెడరల్ నిబంధనలున్నాయని మొదటిరోజే మాకు చదివి వినిపించారు. పర్మిట్ మీది నంబరు, తుపాకీ మీది నంబరు ఒకటే కావాలి. తుపాకీ ఒక బండిలో, తూటాలు ఇంకో బండిలో. పెట్టెకు తాళం, ఆపైన కస్టమ్స్ సీలు. ఆ సీలు పోలీసు అధికారి ముందే తెంచాలి. దారిలో ఏం జరిగినా రేడియోలో చెప్పాలి తప్ప పెట్టె ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఉద్యోగం పోవడం ఖాయం, జైలు కూడా పడొచ్చు.

పెట్టెలు తెచ్చే వ్యాను డ్రైవరుది కడప జిల్లా. మాజీ హవల్దారు. యూనిట్లో ఆయుధాల బాగోగులు చూసేవాడు. నాకంటే పెద్దవాడని ఉస్తాద్ అనేవాణ్ణి. కోవిడ్‌లో నెలల తరబడి ఖాళీగా ఉన్నాక దొరికిన పని ఇది. ఇంటి దగ్గర కూతురు నర్సింగ్ చదువుతోంది. ఈ పని పోతే ఆ చదువు ఆగిపోతుందని ఆయనే అనేవాడు. అయినా రోజూ టీ తాగుతూ నా బూట్లకు వంకలు పెట్టేవాడు.

“ఏమబ్బా నాయక్, పాలిష్ చేసినావా, నీళ్లు చల్లినావా?”

ఫిబ్రవరిలో ఒకరోజు తెల్లారినప్పటి నుంచీ దుమ్ముగాలి. కొండలు మాయమయ్యాయి. వ్యాను ఆలస్యంగా వచ్చింది. ఉస్తాద్ దిగి వెనక తలుపు తీశాడు. ఒక పెట్టె సీలు తెగి ఉంది.

“ఏమైంది ఉస్తాద్?”

“ముందు లారీ టక్కున నిల్చిపాయ. నేను బ్రేకు కొడితే పెట్టె పడి తాళం ఊడింది. దిగి తలుపు తీస్తి. మూత నోరు తెర్చుకోని ఉండాది, సీలు వైరొకటే పట్టుకోనుండాది. గాలికి దుమ్మంతా లోపలికి పాయ. బ్యారెల్‌లో ఇసుక పెట్టుకోని పోయేదానికి మనసొప్పల్యా.”

సీలు తెంచి, బనియన్ చింపి, పెట్టెలోని క్లీనింగ్ రాడ్‌కు ఆ గుడ్డ చుట్టి తుడిచాడట. నూనె కోసం ఎక్కడికి పోతాడు? తలకు రాసుకునే కొబ్బరినూనె వాడాడు. ఆ షూటర్‌కు ఇది తెలిస్తే ఏమైపోతాడోనని అంత భయంలోనూ నవ్వొచ్చింది.

ఉస్తాద్ రైఫిల్ తీసి, బోల్టు వెనక్కి లాగి, తెరుచుకున్న చోట లోపలికి వెలుగు పడేలా బొటనవేలి గోరు అడ్డుపెట్టి బ్యారెల్ నా వైపు తిప్పాడు. యూనిట్లో తనిఖీకి అలాగే చూపిస్తాం. నేను వంగి కన్ను పెట్టాను.

“సాఫ్ ఉంది ఉస్తాద్.”

ఆయన ముఖం వెలిగింది. మరుక్షణం నా చేతిలోని వాకీటాకీ చూశాడు.

“రూలు తెల్సబ్బా. చెయ్యి ఆగల్యా. చెప్పేయ్. దాస్తే నువ్వు గూడా పోతావ్.”

తెగిన సీలు అతుక్కోదు. బటన్ నొక్కాను.

“కంట్రోల్, గేట్. ఏక్ సీల్ టూటా హై.”

“కిస్‌నే తోడా?” ఎవరు తెంచారని సూపర్‌వైజర్ గొంతు.

నేను నోరు తెరిచేలోగా ఉస్తాద్ వాకీటాకీ లాక్కున్నాడు. “మైనే తోడా సాబ్.” తానే తెంచానని అటెన్షన్‌లో నిలబడి చెప్పాడు.

పోలీసులు మర్యాదగానే తీసుకెళ్లారు. షూటర్ ఫిర్యాదు లేదన్నాడు. జైలు తప్పింది, వీసా పోయింది. “ఉస్తాద్ ఖలాస్” అన్నాడు సూపర్‌వైజర్, తల వంచుకుని. ఉస్తాద్ కూతురు చదువు ఆపేసి ఒక మందుల షాపులో చేరిందని తర్వాత తెలిసింది. నేను చేసింది తప్పు కాదు. అయినా ఆ రోజు అన్నం సయించలేదు.

కాంట్రాక్టు ముగించుకుని మా తణుకు వచ్చేశాను. దుబాయ్‌లో ఏం చూశావని అందరూ అడుగుతారు. పెద్ద పెద్ద బిల్డింగుల గురించి చెబుతాను. నాకు కనిపించేది మాత్రం మచ్చలేని ఆ ఇనుప గొట్టం, దాని అటు చివర తెల్లగా మెరుస్తున్న ఉస్తాద్ బొటనవేలి గోరు.