సింహాద్రి ఎందుకు కూలబడ్డాడో నాకు తెలుసు

కోచ్ అడిగాడు. జవాబు నాకు తెలుసు. చెప్పలేదు.

ఇరవై ఏళ్లు దాటింది. ఆ చెప్పని మాటను మోస్తూనే ఉన్నాను. నా భార్యతో కూడా అనలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీతో చెప్పడం కొంత సులువు. పేరు దాచుకుంటున్నాను, నిజమే. విషయం మాత్రం దాచను. జరిగింది జరిగినట్టే రాస్తాను.

అప్పట్లో నేను మలేషియాలో క్లాంగ్ దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో ఫుట్‌బాల్ జట్టుకు అసిస్టెంట్ కోచ్‌ని. పుట్టి పెరిగింది సుంగై సుమున్ వైపు, పామాయిల్ తోటల్లో. ఎస్టేట్ గుళ్లలో పండగలకు ఏడుగురేసి ఆడే పోటీలు పెట్టేవారు. మా హెడ్ కోచ్ నన్ను కారెక్కించుకుని ఆ పోటీలకు తిరిగేవాడు, ఆటగాళ్లను ఏరుకోవడానికి. ఎంపికైనవాడికి ఫీజు ఉండదు, హాస్టల్లో తిండీ పడకా కాలేజీవే. తోటల్లోంచి బయటపడి చదువుకోవడానికి చాలామంది కుర్రాళ్లకు అదొక్కటే దారి. కాని ఫుట్‌బాల్‌కు ఏడాదికి ఇన్ని సీట్లేనని కాలేజీ ముందుగానే తేల్చేసేది. ఒకటి ఎక్కువ అడిగినా వచ్చేది కాదు. ఆ సంవత్సరం అన్నీ నిండిపోయి ఒక్కటి మిగిలింది, గోల్ ముందు అడ్డుగా నిలిచే స్టాపర్ కోసం.

సింహాద్రి స్టాపర్. వాళ్లమ్మ పైడమ్మ మా పిన్ని కూతురు, నాకు అక్క. వాడు నన్ను మావయ్యా అని పిలిచేవాడు. ఎత్తుగా ఉండేవాడు కాదు. అయినా ఎదుటివాడు బంతిని ఎటు తిప్పుతాడో ముందే పసిగట్టి, తొందర లేకుండా వెళ్లి అక్కడ నిలబడేవాడు. ఒక గుడి పండగలో వాడి ఆట చూసి కోచ్ తనంతట తనే వెళ్లి, ట్రయల్‌కి రమ్మన్నాడు. శని, ఆదివారాలు ట్రయల్.

ఆ వారం మొదట్లోనే వాడి తండ్రి పోయాడు. తోటలో గెలలు కోస్తూ కోస్తూ పడిపోయాడట.

నేను చావుకి వెళ్లాను. పెద్దకొడుకు సింహాద్రే తలకొరివి పెట్టాడు. మాలో తలకొరివి పెట్టినవాడు పెద్దకర్మ అయ్యేదాకా గుమ్మం దాటకూడదు. పూటకే భోజనం. నేల మీద పడక. గడ్డం గీయకూడదు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే వాణ్ని ఇంటి వెనక్కి పిలిచాను.

"శనివారం వద్దులే. ఆదివారం ఒక్కపూట వచ్చెయ్. సంగతి కోచ్‌కి నేను సెప్తాను" అన్నాను.

"అమ్మ ఒప్పుకోదు మావయ్యా."

"అమ్మకి సెప్పకులే. సాయంత్రానికి వచ్చీగలవు."

వాడు నా ముఖం కేసి చూశాడు. నమ్మాడు. నేను సెప్తాను అన్న ఆ మాట మీకు గుర్తుండాలి. తర్వాత జరిగినదంతా దాని మీదే ఆధారపడి ఉంది.

ఆదివారం వచ్చాడు. తెల్లవారుజామున ఇంట్లో ఎవరూ లేవకముందే బయలుదేరి, రెండు బస్సులు మారాడు. ముఖం నిండా మాసిన గడ్డం. ముందురోజు మధ్యాహ్నం తిన్న అన్నమే కడుపులో ఉన్నది. మొదట్లో ఒక్కడు కూడా వాణ్ని దాటి పోలేకపోయాడు. ఎండ ఎక్కాక పిక్కలు పట్టేశాయి. గడ్డి మీద కూలబడ్డాడు. లేచాడు. నాలుగడుగులు పరుగెత్తి మళ్లీ కూలబడ్డాడు. పక్కనున్న కుర్రాళ్లు నవ్వారు.

కోచ్ నా వైపు తిరిగాడు. మలయ్ భాషలో మాట్లాడుకున్నాం. ఆ మాటలు నాకు ఇప్పటికీ ఉన్నవి ఉన్నట్టే వినిపిస్తాయి.

"వీడు నిన్న ఎందుకు రాలేదు? నీకేమైనా తెలుసా?"

"తెలీదు సార్."

"మీ ఊరివాడే కదా?"

"మా ఊరు పెద్దది సార్."

"రాత్రంతా తాగి వచ్చినట్టున్నాడు. ఆ గడ్డం చూడు."

నేను నవ్వాను. అవును, నవ్వాను. చెప్పకపోవడం ఒక తప్పు. ఆ నవ్వు దానికంటే పెద్దది. కోచ్ నా నవ్వును జవాబుగా తీసుకున్నాడు. సీటు ఇంకో కుర్రాడికి వెళ్లింది. అతనూ మంచి ఆటగాడే, అతన్ని అనడానికేమీ లేదు.

ఎందుకు చెప్పలేదు? ఈ ప్రశ్న నాకు నేనే ఎన్నిసార్లు వేసుకున్నానో. అంతకు ముందు ఏడాది నేను సిఫారసు చేసిన ఇద్దరు కుర్రాళ్లూ మన తెలుగువాళ్లే. ఆఫీసులో ఒకాయన, "ఏం బాస్, కాలేజీ జట్టా, మీ చుట్టాల జట్టా?" అని అందరిముందూ అన్నాడు. సరదాకే అన్నాడు. నాకు మాత్రం గుచ్చుకుంది. ఇక మీదట మనవాళ్ల గురించి నోరెత్తకూడదు అనుకున్నాను. దానికి న్యాయం అని పేరు పెట్టుకున్నాను, పైగా ఎంతో నిబద్ధత ఉన్న మనిషినని లోలోపల మురిసిపోయాను కూడా. చుట్టం కాని కుర్రాడికి తండ్రి పోయి ఉంటే చెప్పేవాణ్నా? చెప్పేవాణ్ని. నిస్సందేహంగా. అంటే నేను చూపింది న్యాయం కాదు, నా ఉద్యోగం మీద భయం. చెప్పి ఉంటే కోచ్ వినేవాడు. జ్వరంతో ఆడలేకపోయిన ఒక కుర్రాణ్ని వారం ఆగి మళ్లీ పిలిచి చూసిన మనిషి ఆయన. ఒక్క మాట చాలు, సింహాద్రికి ఇంకో ఆదివారం దొరికేది.

వాడు పామాయిల్ మిల్లులో పనికి చేరాడు. తర్వాత హుటాన్ మెలింటాంగ్ వెళ్లి పడవల ఇంజన్లు బాగుచేయడం నేర్చుకున్నాడు. "ట్రయల్‌కి తాగీసి ఎల్లినాడట" అన్న మాట మావాళ్లలో ఎలాగో పాకింది. పెళ్లిళ్లలో, పేరంటాల్లో అది నా చెవిన పడేది. నేను అన్నం కలుపుకుంటూ వినేవాణ్ని. అదే పెళ్లిళ్లలో, పిల్లల్ని పైకి తెచ్చినవాడని నాకు శాలువాలు కప్పేవారు. కప్పించుకున్నాను.

ఇలాగే పోయేవాణ్నేమో. పోయిన నెల సింహాద్రి తండ్రి తద్దినానికి రమ్మంటే వెళ్లాను. భోజనాల దగ్గర పైడమ్మక్క నా పక్కన కూర్చుని, ఎప్పుడూ అనే మాటలాగే అంది:

"ఏటి సేత్తాం తమ్ముడూ. పెద్దకర్మ అవకుండా గుమ్మం దాటినాడు. ఆల నాన్నకి కోపం వచ్చినాది. సేతికొచ్చిన సీటు అందుకే జారిపోనాది."

చారు వడ్డిస్తున్న సింహాద్రి తల వంచుకుని, "అవునే అమ్మా" అన్నాడు. వాడి విస్తరి లేదు. ఏటా ఈ రోజున మంచినీళ్లు కూడా ముట్టడట. "పాపం కడుక్కోవాల కదా మావయ్యా" అన్నాడు నాతో, చిన్నగా నవ్వి.

నేనుండే బంటింగ్‌కి తిరిగొచ్చాను గాని ఆ నవ్వు నన్ను వదలలేదు. ఇన్నేళ్లూ నేను వాడికి చేసిన అన్యాయం ఒక సీటు అనుకున్నాను. సీటు పోయినవాళ్లు ఇంకేదో చేసుకుని బతుకుతారులే అని సర్దిచెప్పుకున్నాను. కాని చచ్చిపోయిన తండ్రి తన మీద కోపంగా ఉన్నాడని నమ్ముతూ ఒక మనిషి ఇన్నేళ్లు బతికాడు. ఆ కోపాన్ని పుట్టించింది నేను. అది తీసేయగలిగినవాణ్ని కూడా నేనొక్కణ్నే. ఇంకేం ఆలోచించాలి?

తర్వాతి ఆదివారం మళ్లీ వెళ్లాను. తల్లీ కొడుకుల్ని ఇద్దర్నీ కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. ఇంటి వెనక్కి పిలిచి రమ్మన్నది నేనేనని. చెప్తానని చెప్పలేదని. నవ్వానని కూడా.

సింహాద్రి ఆనాటిలాగే నా ముఖం కేసి చూశాడు.

"కోచ్ అడిగినాడా మావయ్యా?" అన్నాడు. "నిజంగా అడిగినాడా?"

"అడిగినాడు."

"నువ్వు సెప్పీసినావనుకున్నాను. అందుకే నాను సెప్పనేదు."

 

పైడమ్మక్క నన్ను తమ్ముడూ అనలేదు. నా కేసి చూడనూ లేదు. కొడుకు మోకాలి మీద చెయ్యి వేసి, గోడతో అన్నట్టు అడిగింది. "అయితే ఆల నాన్నకి కోపం నేదేటి?"

"నేదక్కా" అన్నాను. ఇన్నేళ్లలో మొదటిసారి ఊపిరి పూర్తిగా తీసుకున్నట్టనిపించింది. "బావ కోపం ఏటీ నేదు. ఈడు సేసిన పాపమూ నేదు. ఈడు తాగనేదు, ఆకలితో పడిపోనాడు. నాకు తెలుసు, తెలిసీ నోరిప్పనేదు. సింహాద్రీ, తప్పు నాది. మనోళ్లందరికీ ఇదే మాట నేనే సెప్తాను. నీకు ముందుగా సెప్పాలని వచ్చినాను. తప్పు నాది రా."