రాయి దొరకని జాగా

పదేళ్ళు క్లబ్బుల తరఫున జీతానికి ఫుట్‌బాల్ ఆడాను. ఏ ఊళ్ళో ఆడినా పేపర్లో నా గురించి రాసింది ఒకటే మాట, అణకువ గలవాడని. రిఫరీ తప్పు చేసినా నోరెత్తడని. ఆ ముక్కలు కత్తిరించి మా బాపు పెట్టెలో దాచుకున్నాడు. నేనూ మురిసిపోయాను. ఇప్పుడా మాట వింటే ఒళ్ళు మండుతుంది.

మోకాలు చెడి దేవరకొండ దగ్గరి మా ఊరికి వచ్చేశాక, నేను ఆట నేర్చుకున్న బడి వెనక జాగాలోనే చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలకు నేర్పడం మొదలుపెట్టాను. జాగా నిండా గులకరాళ్ళే. పడితే మోకాళ్ళు చెక్కుకుపోయేవి. అందుకని పిల్లలు రోజూ ఆటకు ముందు వరుసగా వంగి, బియ్యంలో ఏరినట్టు రాళ్ళు ఏరేవాళ్ళు. ఏరినవన్నీ గోడ అవతల కుప్ప పోసేవాళ్ళు. గోల్ కొట్టినా ఎగరొద్దు, తల వంచుకుని వెనక్కి రావాలి అని చెప్పేవాణ్ణి. అట్లాగే వచ్చేవాళ్ళు, పాపం.

మూడేళ్ళకు ఆ జాగాలో దుకాణాలు కడతామన్నారు. ఊరి పెద్దలు ఇంటికొచ్చి, భూమిపూజకు ముఖ్య అతిథివి నువ్వేనన్నారు. పిల్లలకు ఆశ పుట్టింది. మైకు మన సారు చేతికొస్తే జాగా ఎటూ పోదనుకున్నారు. గోల్ దగ్గర నిలబడే పిల్ల నన్ను ఆపి అడిగింది.

"సార్, జర గట్టిగ చెప్పుండ్రి. మీరు చెప్తె ఇంటరు."

చెప్తానన్నాను. రెండు రోజులు అద్దం ముందు వల్లె వేశాను కూడా.

ఆ రోజు శాలువా కప్పారు. ఇంత పేరొచ్చినా ఎంత అణకువో చూడండని ఒకాయన మైకులో పొగిడాడు. చివరి వరుసలో పిల్లలు జెర్సీలు వేసుకుని నిలబడి ఉన్నారు. మైకు నా చేతికొచ్చింది. పెద్దలందరికీ నమస్కారం, ఈ గౌరవానికి కృతజ్ఞుణ్ణి అని చెప్పి కూర్చున్నాను. భయపడ్డాను, అంతే. దొరల ముందు చెప్పులు చేత పట్టుకుని నడిచిన వాళ్ళ మనవణ్ణి. ఆ భయానికే పేపరువాళ్ళు మంచి పేరు పెట్టారు.

తర్వాత కొబ్బరికాయ నా చేతికిచ్చారు. కొట్టడానికి రాయి కావాలి. నలుగురు నాలుగు దిక్కులా వెతికినా ఆ జాగాలో ఒక్క రాయి దొరకలేదు. పిల్లలు ఒక్కటీ మిగల్చలేదు. అప్పుడా పిల్లే గోడ అవతలికి వెళ్ళి, కుప్పలోంచి పెద్ద రాయి తెచ్చి నా కాళ్ళ ముందు పెట్టింది.

"కొట్టుండ్రి సార్," అంది.

కొట్టాను.

ఇప్పుడక్కడ షట్టర్లు లేచాయి. ఆ పిల్ల పత్తి చేలకు కూలికి పోతోంది. బజార్లో ఎదురైతే నమస్తే సార్ అంటుంది. తల వంచుకునే అంటుంది. అది నేను నేర్పిందే.