చెక్క పిడి మీద పేరు

దోహాలో నేను కారు నడిపిన పెద్దాయన ఖతర్ సైన్యంలో పనిచేసి రిటైరైనవాడు. అల్ ఘర్రాఫాలోని ఆయన విల్లాలో ఒక గది నిండా పాత యుద్ధాల నాటి పిస్తోళ్లు ఉండేవి. తూటా మాత్రం ఒక్కటీ ఉంచేవాడు కాదు. ఏది చేతికి తీసుకున్నా ముందు పిడిని బొటనవేలితో మెల్లగా తడిమి, పసిబిడ్డను పలకరించినట్టు, "నిన్ను మోసినవాడెవరు?" అని అడిగేవాడు.

తొంభైల్లో ఒక చలికాలం, మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్లు మన సిపాయిల్ని కూడా దింపిన ఇరాక్ రేవు బస్రాలో దొరికిందంటూ ఒక బ్రిటిష్ రివాల్వర్ కొన్నాడు. చెక్క పిడి నిండా గీతలున్నాయని, కొత్త పిడి వేయించడానికి పనివాణ్ణి పిలిచాడు. అతన్ని కారులో తీసుకొచ్చిన నేను, బల్ల మీదున్న ఆ పిడి వైపు వంగి చూశాను.

"బాబా, ఆగండి! ఇవి గీతలు కాదు, మా తెలుగు అక్షరాలు!" అని నాకొచ్చిన హిందీలో అరిచాను.

"నీ భాషా? యల్లా, త్వరగా చదువు!"

"అప్పన్న."

ఆయన దిగ్గున లేచాడు. అరబ్బీలో 'ప' లేదు కదా, "అబ్బన్న! అబ్బన్న!" అంటూ నా భుజాలు పట్టి ఊపేశాడు. "ఇన్నేళ్లకు ఒక్కటి జవాబు చెప్పింది!"

పనివాణ్ణి అప్పుడే పంపేశాడు. ఆ సాయంత్రం అతిథులు చేరే మజ్లిస్‌లో నన్ను తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. రివాల్వర్ చేతులు మారుతూ గదంతా తిరిగింది. అందుకున్న ప్రతి అరబ్బు పెద్దమనిషీ నా నోటి వంక చూసి, మావాడి పేరు గట్టిగా పలికాడు.