ఎక్స్‌రే గదిలో అడిగే ప్రశ్న

ఎక్స్‌రే గదిలోకి వచ్చే ప్రతి ఆడమనిషినీ ఆవిడ ఒక ప్రశ్న అడిగి తీరాలి. "కడుపుతో ఉన్నారా? ఆ అనుమానం ఏమైనా ఉందా?" టెక్నీషియన్‌గా పనిచేస్తున్న ఇన్నేళ్లలో ఎన్ని వేలసార్లు అడిగిందో లెక్కలేదు. ఇప్పుడు మాత్రం అడుగుతూ అవతలి మనిషి కళ్లలోకి చూడలేకపోతోంది. కడుపుతో ఉన్నది తనే మరి. ఐదో నెల. ఈ ఆసుపత్రిలో చేరి రెండు నెలలైనా ఆ సంగతి ఇక్కడ నరమానవుడికి తెలియదు.

తొందరపడి ఆవిడని తప్పుపట్టకండి. పాత సెంటర్ యజమాని ఒక పొద్దున మెషీన్లు అమ్మేసుకుని, తలుపుకి తాళం వేసుకుని, చల్లగా జారుకున్నాడు. అప్పటికి ఈవిడకి మూడో నెల. అలాంటప్పుడు ఉద్యోగం పోతే మనిషి ఎంత బెంబేలెత్తిపోతుందో అలాంటి యజమానులకి ఏం తెలుస్తుంది?

అక్కే ధైర్యం చెప్పింది. అక్క ఒక ఆఫీసులో గుమాస్తా, రూల్సన్నీ నాలుక చివరే ఉంటాయి. "చూడవే, కడుపుతో ఉన్నానని ఇంటర్వ్యూలో చెప్పాలని ఎక్కడా లేదు. చేరాక ఆ వంకతో తీసెయ్యడానికీ వీల్లేదు. పురుడు వచ్చేలోగా చట్టం చెప్పినన్ని రోజులు పనిచేశావనుకో, జీతంతో సెలవు ఇచ్చి తీరాలి."

"ఇంకేం మరి!"

"ఇంకేం ఏమిటే, పిచ్చిమొహమా! కడుపు పేరు ఎత్తరు. పని బాగాలేదంటారు. ప్రొబేషన్‌లో ఉన్నన్నాళ్లూ ఆ ఒక్క ముక్క చాలు. అది గడిచేదాకా నోరు కుట్టేసుకో."

లిఫ్టులు బాగుచేసే భర్త ఇదంతా విని నవ్వాడు. "నోరు కుట్టుకుంటావు సరే, పొట్టనేం చేస్తావు? మడతపెట్టి బీరువాలో పెడతావా?"

బీరువాలో పెట్టలేదు గానీ, ఒక సైజు పెద్ద తెల్లకోటు కిందకి నెట్టింది. బటన్ నొక్కేటప్పుడు తను పక్క గదిలో, కిరణాల్ని ఆపే సీసపు గాజు వెనక ఉంటుంది కాబట్టి భయం లేదు. చిక్కంతా కదలకుండా ఉండలేని రోగులతోనే. పసిపిల్లలనీ, నిలబడలేని ముసలివాళ్లనీ ఎవరైనా పట్టుకోవలసి వస్తే ఆవిడ ఏదో ఒక సాకు చెప్పి తప్పుకునేది. "కొత్తావిడకి ఒళ్లు వంగదు" అని తోటివాళ్లు గొణగడం మొదలుపెట్టారు. పని బాగాలేదంటారని అక్క భయపెట్టిన మాట అలా నిజమవుతుంటే ఆవిడకి ముళ్ల మీద కూర్చున్నట్టుండేది. దానికి తోడు బ్యాడ్జీ ఒకటి. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో కొలిచే బ్యాడ్జీ అందరికీ ఛాతీ మీద ఉంటుంది. కడుపుతో ఉన్నవాళ్లకి పొట్ట దగ్గర ఇంకొకటి ఇస్తారు. ఆ రెండోది అడగాలంటే నోరు విప్పాలి. రోజూ ఇంటికెళ్లేటప్పుడు, బిడ్డకి అన్యాయం చేస్తున్నానా అని లోలోపల కుమిలిపోయేది.

ఒకరోజు ఒక పిల్ల వచ్చింది. ఏదో ప్యాకింగ్ కంపెనీ, ఉద్యోగంలో చేర్చుకునే ముందు ఛాతీ ఎక్స్‌రే తీయించుకు రమ్మని పంపింది. మనిషి గట్టిగా గాలి వీస్తే పడిపోయేలా ఉంది.

"కడుపుతో..."

"లేదు."

ప్రశ్న పూర్తికాకముందే జవాబు వచ్చేసింది. ఆవిడ మళ్లీ అడిగింది.

"లేదన్నాను కదండీ! తొందరగా తీసెయ్యండి."

అన్నదే గానీ ఆ పిల్ల చెయ్యి పొట్ట మీదకి వెళ్లి, నిప్పు తగిలినట్టు వెనక్కి వచ్చింది. ఆవిడకి విషయం అర్థమైపోయింది. అయినా అవతలి మనిషి లేదంటుంటే కాదనడానికి తనెవరు? గాజు వెనక్కి వెళ్లి బటన్ మీద వేలు పెట్టింది. వేలు దిగలేదు. మళ్లీ గదిలోకి వచ్చి తలుపు వేసింది.

"నిజం చెప్పమ్మా. ఎన్నో నెల?"

"ఏ నెలా కాదు!"

"నాకు ఐదో నెల." ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ చెప్పని మాట అలా నోరు దాటి వచ్చేసింది. "ఉద్యోగం పీకేస్తారని ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. నువ్వెందుకు దాస్తున్నావో నాకు తెలీదనుకోకు."

ఆ పిల్ల బావురుమంది. "రెండో నెల అక్కా. ఇది తీయించుకోకపోతే చేర్చుకోరట. బిడ్డకేమైనా అవుతుందా?"

"ఛాతీకి తీస్తే ముప్పు బాగా తక్కువే. అయినా తొందర లేనప్పుడు తియ్యకూడదు. ఇంతలా అడిగేది అందుకే."

ధైర్యం చెప్పడమైతే చెప్పింది గానీ ఒక సంగతి మరిచిపోయింది. రోగి మూలిగినా పక్క గదిలోకి వినపడాలని ఎక్స్‌రే గదిలో మైకు ఎప్పుడూ తెరిచే ఉంచుతారు. ఆ పక్క గదిలోకి ఈలోగా విభాగం పెద్ద డాక్టరు వచ్చి కూర్చున్నాడు. నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఆచితూచి మాట్లాడతాడని అందరూ ఆయన్ని మౌనంగారంటారు. ఆవిడ తలుపు తీసేసరికి ఆయన స్పీకరు వైపే చూస్తున్నాడు.

"ఆ అమ్మాయికి ఎక్స్‌రే వాయిదా అని రాసివ్వండి," అన్నాడాయన. "మీరు నాతో ఆఫీసుకి రండి."

కాగితం అందుకుంటూ ఆ పిల్ల మొహం కత్తివేటుకి నెత్తురుచుక్క లేనట్టయింది. తన మూలాన ఈవిడ ఉద్యోగం ఊడిందనే అనుకుంది. ఈవిడా అదే అనుకుంది.

ఉద్యోగుల వ్యవహారాలు చూసే ఆఫీసరమ్మ అంతా విని కళ్లజోడు తీసింది. "ఇది ముందే చెప్పాల్సింది."

ఇక పోయేదేముందనుకుందేమో, ఈవిడ సూటిగా అడిగేసింది. "చెబితే తీసుకునేవారా మేడమ్?"

ఆఫీసరమ్మ కళ్లజోడు తుడిచింది. పెట్టుకుంది. "లేదు," అంది.



"పని బాగాలేదని తీసెయ్యాలంటే నా సంతకం కావాలి," అన్నాడు మౌనంగారు గోడవైపు చూస్తూ. "నేను పెట్టను. ఈవిడ తీసిన ఫిలిం ఒక్కటీ మళ్లీ తియ్యాల్సి రాలేదు."

ఆఫీసరమ్మ నిట్టూర్చింది. "పురుడు దాకా పనిచేస్తే రోజులు సరిపోతాయి. సెలవు జీతంతోనే వస్తుంది. ఆ రెండో బ్యాడ్జీ ఇప్పుడే తీసుకోండి."

ఆవిడకి పోయిన ప్రాణం లేచొచ్చింది. థాంక్స్ చెప్పిందో లేదో కూడా గుర్తులేదు. బయటికి వస్తే వరండా బెంచీ మీద ఆ పిల్ల ఇంకా కూర్చునే ఉంది.

"పోయిందా అక్కా?"

"పోలేదు. సెలవు కూడా ఇస్తామన్నారు."

ఆ పిల్ల మొహం చేటంతయింది. "అయితే నేనూ చెప్పేస్తాను! కంపెనీవాళ్లకి ఇప్పుడే ఫోన్ చేస్తా." అప్పటికే నంబరు నొక్కేసింది, అవతల రింగవుతోంది.

ఆవిడ ఒక్క ఉదుటున ఫోను లాక్కుని కాల్ కట్ చేసింది.

"నేను చేరిపోయాను కాబట్టి పోలేదే! నువ్వింకా చేరలేదు. చేరి, సంతకం పెట్టాక చెప్పు. ఈ వాయిదా కాగితం చూపించి ముందు చేర్చుకోమను. వాయిదా ఎందుకని అడిగితే డాక్టరుగారు తర్వాత తీద్దామన్నారని చెప్పు. అంతకుమించి చచ్చినా నోరు విప్పకు."

ఆ పిల్ల అయోమయంగా చూసింది. "ఇందాక నిజం చెప్పమని మీరే కదా అక్కా ఏడిపించారు?"

"నాకు చెప్పమన్నాను," అంది ఆవిడ, ఫోను తిరిగి ఇస్తూ. "వాళ్లకి చెప్పమనలేదు."